చేపలోని లోహం: కొనే ముందు తెలుసుకోవలసిన పాఠం

పాఠ్య పరిచయం

తీరప్రాంతపు తెలుగువారి ఇళ్లలో బాలింతకు సొరపిట్టు పెట్టడం తరతరాలుగా వస్తున్న ఆచారం. సొరచేపను ఉడికించి, చర్మం, ముల్లు తీసి, పొడిపొడిగా చిదిమి, ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి, మిరియాలతో వేయించి పెడితే తల్లికి పాలు పడతాయని పెద్దల నమ్మకం. హెబ్బగోడిలో కాపురమున్న కూతురి పురిటికి శ్రీకాకుళం నుండో, కాకినాడ నుండో వచ్చే తల్లి ఇక్కడి చేపల దుకాణంలో మొదట అడిగేది సొర ముక్కలనే. అదే వీధిలో ఆదివారం ఉదయం మరొక దృశ్యం కనిపిస్తుంది. సమీపంలోని చెరువులో గాలం వేసి పట్టిన చేపలను గట్టు మీదనే చవకగా అమ్ముతారు. కళ్లముందే ఎగిరి పడుతున్న చేప కదా, ఇంతకంటే తాజాది ఎక్కడ దొరుకుతుందని కొనేవారు సంతోషిస్తారు.

ఒకటి సముద్రపు చేప, మరొకటి చెరువు చేప. రెండూ తాజావే కావచ్చు. రెంటికీ దుర్వాసన ఉండకపోవచ్చు. అయినప్పటికీ కంటికి కనబడని, నాలుకకు తెలియని భారలోహాలు రెంటిలోనూ ఉండే అవకాశమున్నది. అవి చేపలోనికి ఎట్లా చేరుతాయి, మనిషికి ఏ హాని కలిగిస్తాయి, చేపను మానకుండానే ఆ హానిని ఎట్లా తప్పించుకోవచ్చు అన్నవి ఈ పాఠంలోని మూడు విషయాలు.

1. కుళ్లనిది, కరగనిది

పాదరసం, సీసం, కాడ్మియం వంటివాటిని భారలోహాలంటారు. శరీరానికి వీటితో ఏ అవసరమూ లేదు. మురుగునీటిలోని మలినాలను సూక్ష్మజీవులు క్రమంగా తిని విచ్ఛిన్నం చేస్తాయి. కాని లోహం మూలకం. దానిని ఏ సూక్ష్మజీవీ విచ్ఛిన్నం చేయలేదు. అది ఒక రూపం నుండి మరొక రూపానికి మారుతుందే తప్ప నశించదు. నీటిలో పడిన లోహం మెల్లగా అడుగుకు దిగి ఒండ్రులో నిలిచిపోతుంది. ఆ బురదలోని పురుగులను, నాచును తినే చిన్న జీవుల ద్వారా తిరిగి పైకి వస్తుంది.

అందువల్ల చెరువు శుభ్రంగా కనబడడానికీ, చెరువులోని చేప శుభ్రంగా ఉండడానికీ తేడా ఉన్నది. హెబ్బగోడి చెరువు ఒకప్పుడు మురుగుతో నిండి దుర్గంధం వెదజల్లేది. తరువాత బయోకాన్ ఫౌండేషన్ చేపట్టిన పునరుద్ధరణలో నీటిపై తేలే మొక్కల తెప్పలను ఏర్పాటు చేశారు. ఇటువంటి తెప్పల మొక్కల వేళ్లు మురుగులోని పోషకాలను పీల్చుకొంటాయి. దుర్వాసన తగ్గుతుంది, నీటిలో ప్రాణవాయువు పెరుగుతుంది, పక్షులు తిరిగి వస్తాయి. ఏ ఊరి చెరువుకైనా ఇది గొప్ప మేలు. అయితే ఏళ్ల తరబడి ఏ చెరువు అడుగునైనా పేరుకొన్న ఒండ్రు సంగతి వేరు. పూడిక తీసి, పరీక్షించి, తగిన చోటికి తరలించినప్పుడే అందులోని లోహం చెరువును వదులుతుంది.

చేపలు చచ్చి తేలకపోవడం కూడా భరోసా కాదు. 2016 మార్చిలో బెంగళూరు హలసూరు చెరువులో చేపలు పెద్దయెత్తున చచ్చి తేలినప్పుడు నగరమంతా కలత చెందింది. అట్లా మూకుమ్మడిగా చనిపోవడానికి సాధారణ కారణం మురుగు చేరి నీటిలో ప్రాణవాయువు తగ్గడం. లోహం చేసే పని వేరు. లోహాన్ని మోస్తున్న చేప చక్కగా ఈదుతుంది, బరువు పెరుగుతుంది, వలలో ఎగిరి పడుతుంది.

2. కర్మాగారం నుండి చెరువుకు

హెబ్బగోడికి ఒక పక్క ఎలక్ట్రానిక్ సిటీ, మరొక పక్క బొమ్మసంద్ర పారిశ్రామిక వాడ ఉన్నాయి. ఇక్కడికి తెలుగు కుటుంబాలను రప్పించింది ఆ పరిశ్రమల్లోని ఉపాధియే. లోహాలకు పూత వేసే పనిలో క్రోమియం, నికెల్, కాడ్మియం వాడతారు. వాహనాల బ్యాటరీల్లో సీసం ఉంటుంది. బొగ్గు మండినప్పుడు పాదరసం ఆవిరిగా గాలిలో కలిసి వర్షంతో నేలకు దిగుతుంది. శుద్ధి చేయని వ్యర్థజలం కాలువలో కలిస్తే అది చేరేది పల్లంలోని చెరువుకే. కన్నడంలో చెరువును ‘కెరె’ అంటారు. ఆనేకల్ తాలూకాలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి; ఒకటి నిండితే నీరు మరొకదానికి పారుతుంది. పై చెరువుకు పట్టిన మలినం కింది చెరువుకు తప్పదు.

హోసూరు రోడ్డు మీదుగా హెబ్బగోడి దాటితే వచ్చే చందాపుర చెరువు ఇందుకు దగ్గరి ఉదాహరణ. ఆ చెరువు కాలుష్యంపై విచారణ జరిపిన జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022 అక్టోబరులో, చెరువును కాపాడడంలో వైఫల్యానికి గాను కర్ణాటక ప్రభుత్వం 500 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారం చెల్లించాలని ఆదేశించింది. తెలంగాణ నుండి వచ్చినవారికి ఈ కథ కొత్తది కాదు. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ వ్యర్థాలు నక్కవాగులోనికీ, ఆ వాగు ద్వారా మంజీరలోనికీ చేరిన వైనం వారు విన్నదే. అక్కడి కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది.

పరిశ్రమలతోపాటు గృహాల పాత్ర కూడా ఉన్నది. రసాయన రంగులు పూసిన వినాయక విగ్రహాలను చెరువులో నిమజ్జనం చేస్తే ఆ రంగుల్లోని సీసం, క్రోమియం నీటిపాలవుతాయి. పగిలిన ట్యూబులైటు, పాత జ్వరమానిని పాదరసాన్ని విడుదల చేస్తాయి.

3. చిన్న చేప నుండి పెద్ద చేపకు

నీటిలో చేరిన పాదరసాన్ని అడుగుబురదలోని సూక్ష్మజీవులు మిథైల్ పాదరసంగా మారుస్తాయి. ఇది మాంసకృత్తులను అంటిపెట్టుకొని ఉంటుంది, శరీరం నుండి చాలా మెల్లగా వెలువడుతుంది. నాచులో అణుమాత్రంగా ఉన్నది నాచు తినే పురుగులో కొంత పెరుగుతుంది. ఆ పురుగులను వందలకొద్దీ తిన్న చిన్న చేపలో మరికొంత. ఆ చిన్న చేపలను ఏళ్ల తరబడి తిన్న పెద్ద చేపలో ఎన్నో రెట్లు. కనుక వేటాడి బ్రతికే పెద్ద చేపల్లో, దీర్ఘకాలం జీవించే చేపల్లో పాదరసం ఎక్కువ. సొర, కత్తిచేప, పెద్ద ట్యూనా ఈ కోవకు చెందినవి.

జపాన్‌లోని మినమాటా పట్టణం ఈ సత్యాన్ని ప్రపంచానికి చెప్పింది. అక్కడి చిస్సో రసాయన కర్మాగారం 1932 నుండి 1968 వరకు పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రంలోనికి వదిలింది. తొలుత పల్లెకారుల ఇళ్ల పిల్లులు పిచ్చెత్తినట్లు ఎగిరి పడి చనిపోసాగాయి. తరువాత మనుషులకు చేతులు వణకడం, చూపు కుంచించుకుపోవడం, మాట తడబడడం మొదలైంది. 1956 మే 1న ఈ వ్యాధి మొదటిసారి అధికారికంగా నమోదైంది. అన్నిటికంటే హృదయవిదారకమైన సంగతి మరొకటి. స్వల్ప లక్షణాలు మాత్రమే ఉన్న తల్లులకు కూడా తీవ్రమైన మెదడు లోపాలతో శిశువులు పుట్టారు. తల్లి తిన్న చేపలోని పాదరసం మాయను దాటి గర్భస్థ శిశువును చేరింది. ఆ పట్టణం పేరిట 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశం 2018లో ధ్రువీకరించింది.

దక్షిణ భారతంలోనూ ఇటువంటి ఉదంతం ఉన్నది. తమిళనాడులోని కొడైకెనాల్‌లో జ్వరమానినులు తయారుచేసే కర్మాగారం పాదరస కాలుష్యం కారణంగా 2001లో మూతపడింది. హైదరాబాదులోని అణుశక్తి విభాగపు ప్రయోగశాలకు చెందిన శాస్త్రవేత్తలు కొడై సరస్సులోని నీటిని, ఒండ్రును, చేపలను పరీక్షించి, కర్మాగారం వెలువరించిన పాదరసం సరస్సుకు చేరిందని 2006లో ప్రకటించారు. పర్యాటకులు పడవ షికారు చేసే అందమైన సరస్సది. నీటి అందం చూసి చేప మంచిదని నిర్ణయించరాదనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

4. శరీరంలో ఏమి జరుగుతుంది?

పాదరసం: మిథైల్ పాదరసం ప్రధానంగా నాడీమండలాన్ని దెబ్బతీస్తుంది. పెద్దలకంటే గర్భస్థ శిశువుకు, పసిపిల్లలకు ప్రమాదం ఎక్కువ; వారి మెదడు అప్పుడే రూపుదిద్దుకొంటూ ఉంటుంది. ఒకసారి శరీరంలో చేరిన మొత్తంలో సగం పోవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. కనుక జాగ్రత్త గర్భం నిలిచిన తరువాత కాక, అంతకు కొన్ని నెలల ముందే మొదలుకావాలి.

సీసం: ఇది ఎముకల్లో దశాబ్దాలపాటు దాగి ఉంటుంది. గర్భకాలంలో తల్లి ఎముకల నుండి సున్నం కరిగి శిశువుకు చేరేటప్పుడు సీసం కూడా వెంట కదులుతుంది. పిల్లల గ్రహణశక్తిని, ఏకాగ్రతను తగ్గిస్తుంది. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

కాడ్మియం: మూత్రపిండాల్లో చేరి 10 నుండి 30 ఏళ్ల వరకు తిష్ఠ వేస్తుంది, మూత్రపిండాలను, ఎముకలను బలహీనపరుస్తుంది. జపాన్‌లో జింజు నది నీటితో పండిన వరి అన్నం తిన్నవారికి, ముఖ్యంగా నడివయసు దాటిన స్త్రీలకు, ఎముకలు పెళుసై భరించరాని నొప్పులు వచ్చాయి. కారణం గనుల నుండి నదిలో కలిసిన కాడ్మియమని 1968లో ఆ ప్రభుత్వం అంగీకరించింది.

ఇవి ఒక పూట భోజనంతో వచ్చే జబ్బులు కావు. కడుపునొప్పి వలె వెంటనే హెచ్చరించవు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చేరడమే వీటి స్వభావం.

5. ఒక చిన్న లెక్క

భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం వేటాడని చేపల్లో పాదరసం కిలోకు 0.5 మిల్లీగ్రాములు, వేటాడే చేపల్లో 1.0 మిల్లీగ్రాము మించరాదు. చేపల్లో సీసానికి, కాడ్మియానికి కిలోకు 0.3 మిల్లీగ్రాములు పరిమితి. ఇది బజారులో అమ్మే సరుకుకు హద్దు. ఎంత తినవచ్చునన్నది వేరే లెక్క.

గర్భస్థ శిశువు రక్షణను దృష్టిలో ఉంచుకొని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2003లో ఒక పరిమితిని నిర్ణయించింది. దాని ప్రకారం మనిషి బరువులో ప్రతి కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసాన్ని మించి తీసుకోరాదు. 50 కిలోల బరువున్న స్త్రీకి ఇది వారానికి 80 మైక్రోగ్రాములు. చేపలోని పాదరసంలో అధికభాగం మిథైల్ రూపమే కనుక లెక్క ఇట్లా వస్తుంది:

కిలోకు 1.0 మిల్లీగ్రాము పాదరసమున్న పెద్ద చేప అయితే, వారానికి 80 గ్రాములు. అంటే ఒక్క ముక్క.
కిలోకు 0.5 మిల్లీగ్రాములున్న చేప అయితే, వారానికి 160 గ్రాములు.
కిలోకు 0.05 మిల్లీగ్రాములున్న చిన్న చేప అయితే, వారానికి 1,600 గ్రాములు. ఎవరూ అంత తినరు.

పదిహేను కిలోల బిడ్డకు ఇదే లెక్క వేస్తే మొదటి రకం చేప వారానికి 24 గ్రాములు మించరాదు. చట్టప్రకారం అమ్మదగిన చేప కూడా ప్రతి కంచానికీ తగినది కాదని దీనివల్ల తెలుస్తుంది. ఎంపికలోనే ఇరవై రెట్ల తేడా ఉన్నది.

6. ఏ చేప, ఎవరికి?

చేప మంచి మాంసకృత్తులనూ, మెదడు ఎదుగుదలకు తోడ్పడే ఒమేగా-3 కొవ్వులనూ ఇస్తుంది. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సంయుక్తంగా నిర్వహించిన నిపుణుల సంప్రదింపుల సారాంశం కూడా ఇదే: చేప తినడం గుండెజబ్బు మరణాలను తగ్గిస్తుంది, తల్లి తినడం శిశువు మెదడుకు మేలు చేస్తుంది. కాబట్టి భయపడి చేపను మానడం మరొక నష్టం.

బెంగళూరు దుకాణాల్లో చేపల పేర్లు వేరుగా ఉంటాయి. తెలుగువారికి ఈ పట్టిక ఉపకరిస్తుంది:

కవళ్ళు: ఇక్కడ బూతాయి లేక మత్తి. చిన్న చేప, తరచుగా తినవచ్చు.
కానాగంతలు: బంగుడె. తరచుగా తినవచ్చు.
నెత్తళ్ళు: నెత్తిలి. తరచుగా తినవచ్చు, ముల్లుతో తింటారు కనుక సున్నం కూడా అందుతుంది.
చందువ: మాంజి. తినవచ్చు.
రొయ్య: సీగడి. తల తీసి తినవచ్చు.
పీత: ఏడి. లోపలి పసుపు పదార్థం తీసివేసి తినవచ్చు.
బొచ్చె, శీలావతి: ఇక్కడ కాట్లా, రోహు. మంచి నీటి చెరువుల్లో పెంచినవైతే తరచుగా తినవచ్చు. ఇవి వేటాడే చేపలు కావు. ఎక్కువ ఏళ్లు పెరగకముందే పట్టుబడతాయి.
వంజరం: అంజల్. చిన్న చేపలను తిని పెరుగుతుంది. అప్పుడప్పుడు తినవచ్చు, గర్భిణులు, పిల్లలు పెద్ద వంజరం ముక్కలకు దూరంగా ఉండడం మేలు.
సొర, కత్తిచేప, పెద్ద ట్యూనా: గర్భిణులు, గర్భం ధరించదలచినవారు, బాలింతలు, చిన్నపిల్లలు తినరాదు.

ఇక సొరపిట్టు సంగతి. ఒడ్డున పట్టిన చిన్న పాలసొర పిల్లను ఎరిగి వండిన అమ్మమ్మల కాలం వేరు. నగరంలో ముక్కలుగా కోసి అమ్మే సొర ఎంత పెద్దదో, ఎన్నేళ్లదో కొనేవారికి తెలియదు. బాలింతకు సొర ఇచ్చే బలం మాంసకృత్తుల బలమే. అదే బలాన్ని కానాగంతలు, నెత్తళ్ళు, గుడ్లు, పప్పు కూడా ఇస్తాయి. కానాగంతను ఉడికించి, ముల్లు తీసి, అదే తాలింపుతో పిట్టు చేస్తే ఆచారమూ నిలుస్తుంది, బిడ్డకు రక్షణా కలుగుతుంది. ఇంతకుముందు సొర తిన్న తల్లి బిడ్డకు పాలివ్వడం మానవలసిన అవసరం ఏమాత్రం లేదు; తల్లిపాలకు సాటి వేరొకటి లేదు.

చెరువు చేప విషయంలో నియమం సరళమైనది. పారిశ్రామిక వాడల నీరు గాని, మురుగు గాని చేరే చెరువు చేపను కొనరాదు, పట్టరాదు. చవకగా దొరికే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం దేశంలో నిషిద్ధం. మురికిగుంటల్లోనూ పెరిగే ఆ చేపను తిరస్కరించడమే ఉచితం.

7. వంటింటి నమ్మకాలు, నిజాలు

ఉప్పు, పసుపు పట్టించి కడిగితే విషం పోతుందా? జిగురు, నీచువాసన పోతాయి. లోహం పోదు.

చింతపండు పులుపు లోహాన్ని విరుస్తుందా? విరవదు. ఎంత ఉడికించినా, వేయించినా పాదరసం కండలోనే ఉంటుంది. ఎండబెడితే నీరు మాత్రమే పోతుంది కనుక, తూకానికి ఎండుచేపలో లోహం మరింత చిక్కబడుతుంది.

చర్మం, కొవ్వు తీసివేస్తే చాలునా? పాదరసానికి చాలదు, అది ఉండేది కండలో. అయితే సీసం, కాడ్మియం ఎక్కువగా మొప్పల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో, ఎముకల్లో చేరుతాయి. కనుక మొప్పలు, పేగులు, కాలేయం పూర్తిగా తీసివేయడం, రొయ్య తలను, పీత లోపలి పసుపు పదార్థాన్ని వదలివేయడం ఈ రెండు లోహాలను చెప్పుకోదగినంత తగ్గిస్తుంది.

రొయ్యల్లో ఆర్సెనిక్ ఉంటుందన్న మాట విని బెదరవలసిన పని లేదు. సముద్రజీవుల్లో అది అధికంగా సేంద్రియ రూపంలో ఉంటుంది. దాని విషతీవ్రత చాలా తక్కువ.

8. పౌరుని హక్కు, బాధ్యత

కొన్న ఆహారాన్ని పరీక్ష చేయించుకొనే హక్కు సామాన్యునికి ఉన్నది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు, కొనే సమయంలోనే ఆ సంగతి అమ్మకందారుకు తెలియజేసి, నిర్ణీత రుసుము చెల్లించి, ఆహార విశ్లేషకునిచేత పరీక్షింపజేసుకోవచ్చు. వీధిలోని నాలుగైదు కుటుంబాలు కలిసి చేస్తే ఖర్చు భారం కాదు. చెరువులోనికి రంగునీరు, నురుగు, ఘాటైన వాసన గల నీరు వస్తున్నట్లు గమనిస్తే తేదీ, సమయం, స్థలం రాసి, ఛాయాచిత్రంతో సహా నగరసభకు, కర్ణాటక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయవచ్చు.

ఇంటి వంతు పని కూడా ఉన్నది. పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు, జ్వరమానినులను తడిచెత్తలోగాని, పొడిచెత్తలోగాని కలపక విడిగా అప్పగించాలి. చవితికి రంగులు పూయని మట్టి విగ్రహాన్ని తెచ్చుకోవాలి. గర్భిణి తాయి కార్డు తీసుకొన్నప్పుడు ఆశా కార్యకర్తతోగాని, వైద్యునితోగాని తాను తినే చేపల గురించి కూడా చెప్పాలి.

గుర్తుంచుకోవలసిన అంశాలు

1. చేపలోని లోహం కడిగినా, వండినా పోదు. ఎంపికయే రక్షణ.
2. పెద్ద వేటచేప కంటే చిన్న చేప మేలు.
3. ఏ నీటి చేపో తెలియనిచో కొనరాదు.
4. గర్భిణులు, బాలింతలు, పిల్లలు సొర తినరాదు. చేపను మాత్రం మానరాదు.
5. మొప్పలు, పేగులు, కాలేయం తీసివేయాలి.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. చెరువు నీరు తేటబడినా అందులోని చేప సురక్షితమని ఎందుకు చెప్పలేము?
2. మీ ఇంట్లో గత వారం వండిన చేప వేటాడేదా, కాదా? ఇంటిలోని అతి చిన్న బిడ్డ దానిని ఎంత తిన్నది?
3. 40 కిలోల బరువున్న స్త్రీ, కిలోకు 0.5 మిల్లీగ్రాముల పాదరసమున్న చేపను వారానికి ఎన్ని గ్రాములు తినవచ్చు? (జవాబు: 128 గ్రాములు)
4. ఊరి నుండి పురిటికి వచ్చిన అమ్మకు, అత్తగారికి ఈ సంగతిని నొప్పించకుండా ఎట్లా చెబుతారు?